ఇచ్చా

ఎర్రగుంట్లలో పంచరు షాపు మీద మేడగది.
కిటికీ తెరిస్తే బండల పాలిష్ పొడి,
మూస్తే ఉక్క.
ఆరున్నరకు కొట్టు ఆడబిడ్డకు అప్పజెప్పి
మోకాళ్ళు పట్టుకొని పద్దెనిమిది మెట్లెక్కుతా.
నాకు నలబై మూడు.
పదో తరగతిలో ఇంగ్లీషొకటి మిగిలిపోయింది,
పాత బాకీ మాదిరి.

సత్యవాణి టీచరుది రేపల్లె.
మొదటి దినమే బోర్డు మీద రాసింది: విల్.
"రేపటి పనికి ఇది ముందర పెట్టండి, అంతే" అనింది.
అంతేనా అనుకున్నా.
పదహైదేండ్లుగా అప్పు పుస్తకం రాసేదాన్ని,
రేపటి సంగతి నాకొకరు చెప్పల్లా?

బేస్తవారం సబ్బుకని కొట్టుకొచ్చింది టీచరు.
అప్పుడే పెన్నోబులేసు,
రెప్పల మీద కూడా రాతిపిండి,
బియ్యం సంచి భుజానికెత్తుకొని
"కాశింబక్కా, ఇచ్చాలే" అని పాయె.
నేను పుస్తకం తీసి నాలుగునూర్ల ఎనబై రాసుకుంటి.
టీచరు కండ్లు పెద్దవి చేసి,
"పాపం, ఇచ్చానన్నాడుగా!
మళ్ళీ అప్పు రాస్తారేంటండీ?"

నవ్వినా. గల్లాపెట్టె మీద చెయ్యేసి నవ్వినా.
అమ్మా, మా పక్క ఇచ్చినా అంటే ఇచ్చినట్టు.
ఇచ్చా అంటే యియ్యబోయేది.
రైలెక్కితే ఒక రాత్రి దూరం,
ఒకటే మాట
మీకాడ తీరిపోయిన బాకీ,
మాకాడ ఇంకా పుట్టని శనివారం.

ఆ పొద్దు బోర్డు మీద తెలుగు రాసింది ఆయమ్మ:
ఇచ్చా, వచ్చా, చూచ్చా.
నోరు తిరగక
వెనక బెంచీ పిల్లోళ్ళతో మళ్ళా మళ్ళా చెప్పించుకొనింది.

తర్వాత గోయింగ్ టు.
కండ్లకు ఆధారం కనపడితే అది వాడల్లంట.
పుస్తకంలో బొమ్మ: నల్లటి మోడాలు, గొడుగు పట్టుకున్న దొర.
వాన పడబోతోంది.
నేను లేచి నిలబడినా.
"టీచర్, మోడం కమ్ముతాది, గాలి లేచ్చాది,
ఎండేసిన మిరపకాయలన్నీ ఎత్తి లోపల పోచ్చాం,
అది మా నెత్తిన దాటి యాడికో పోతాది.
దానికేం పెట్టల్ల?"
తరగతంతా గమ్మునుండింది.
సుద్దముక్క రెండుసార్లు గాల్లో లేచి, దిగింది.
"మీ ఊరికైతే... మే" అనింది.
మే నెలలో వాన యాడిదని పక్కన రసూలు గొణిగె.

రైళ్ళకు విల్లే అక్కర్లేదంట,
టైం టేబులుంటే చాలునంట.
రైలు ఏడుకు బయల్దేరుతుంది.
దూరంగా స్టేషన్లో మైకు గరగరమనింది,
ఏడుకు రావల్సింది ఎనిమిదిన్నరకని.
ఎవురూ నవ్వలేదు. రాసుకుంటిమి.

నాకు నచ్చింది విల్ హ్యావ్.
రేపట్లోకి పోయి నిలబడి
వెనక్కి తిరిగి చూసేది.
మార్చికి నేను అప్పులన్నీ వసూలు చేసి ఉంటాను.
జరగనిది జరిగిపోయినట్టు
ఎంత నిమ్మళంగుందో.
రాత్రి దుప్పట్లో ఊరికే అనుకొనేదాన్ని:
మిద్దెకు సున్నం కొట్టించుంటా.
పుచ్చుపన్ను పీకించుకొనుంటా.
పెన్నోబులేసు దగ్గు తగ్గుంటాది.

పరీక్షలో ఖాళీ పూరించమని ఇచ్చినారు:
అతడు డబ్బు రేపు డాష్, బ్రాకెట్లో పే.
విల్ అని తెలుసు.
అయినా కలం ఆగింది,
ఇన్నేండ్ల వ్యాపారం దాన్ని పట్టుకొని.
రాసినా.
పక్క ప్రశ్నకు పోయినా.

పొద్దున కొట్టు తీసేలోపలే వాడు.
"ఏమక్కా, పాసయితావా?"
"అయితా."
"యెట్ల చెప్తావ్? ఆధారముండాదా?"
నా పాఠాలు వాడికి చెప్పిన పాపం నాదే.
దగ్గి, తువాలతో మూతి తుడుచుకొని
"అరకేజీ చక్కెర. ఇచ్చాలేక్కా."
పేరు రాసినా. ఇరవై నాలుగు రాసినా.
రూపాయల పక్కన, మొదటిసారి,
ఇంగ్లీషులో, వంకరగా,
విల్.